అయస్కాంతం కింద కాలు

రెండువేల పదిహేను దాటిన కొత్తలో నా మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటికి స్టీల్ ప్లాంటులో పద్దెనిమిదేళ్లుగా క్రేన్ నడుపుతున్నాను. కట్టు విప్పి చూస్తే కుడి తొడ ఎండిపోయి, ప్యాంటు ఆ పక్క వదులుగా వేలాడింది.

గాజువాకలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు అప్పుడే అయస్కాంతం మెషిన్ వచ్చింది. మోకాల్లో ఇనుప మేకులేవీ వేయలేదని కాగితాల్లో చూసుకున్నాకే అక్కడి అమ్మాయి దాన్ని నా తొడ మీద పెట్టింది. టకటకమని చప్పుడవుతుంటే కండ దానంతటదే ఎగిరిపడేది.

నాకిది కొత్తేమీ కాదనుకున్నాను. నా క్రేనుకు వేలాడేదీ అయస్కాంతమే, దాంతో తుక్కు ఇనుము ఎత్తేవాణ్ని. ఎత్తిన బరువు ఊగకూడదు, ఊగితే కిందివాడి ప్రాణం మీదికొస్తుంది. అందుకని బల్ల మీద కాలిని పూర్తిగా వదిలేసి, కదలకుండా పడుకునేవాణ్ని.

మూడు వారాలైనా ఒక్క మెట్టు ఎక్కలేకపోయాను. మెషిన్ దండగని ఆ అమ్మాయి మీద విసుక్కున్నాను. ఆమెది ఎలమంచిలి, మాటలో మొహమాటం లేదు.

"అది లాగినప్పుడు మీరేటి సేత్తన్నారు బాబాయ్?"

"ఏమీ చేయను. కదలకుండా ఉంటాను."

"అదే తప్పు. అది లాగినప్పుడల్లా మీరూ బిగించాల. మెషిన్ ఒక్కటే ఎంతకని లాగుతాది?"

కోపం వచ్చింది, అయినా బిగించాను. మడమ బల్ల మీంచి రెండు వేళ్లెత్తు లేచింది.

పద్దెనిమిదేళ్లలో నేనెత్తిన ఏ ఇనుమూ నాకో చెయ్యి వేయలేదు. నా కాలు కూడా అలాంటిదేననుకున్నాను.