ఎడిటర్ కూర్చునే బల్ల

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం. సింగపూర్‌లో ఒక ఆసుపత్రి కంటి వార్డులో నేను సీనియర్ నర్సుని. తూర్పు ఆఫ్రికా నుంచి ఒక దినపత్రిక సంపాదకుడు ఆపరేషన్‌కి వచ్చారు. పేషెంటు గుట్టు బయటపెట్టకూడదు కాబట్టి దేశం పేరు చెప్పను. ఆయన్ని ఎడిటర్ గారనే అంటాను.

ఆయనకు చూపున్నది ఒక్క కంట్లోనే. ఆ కంట్లోనే రెటీనా, అంటే లోపలి పొర, ఊడింది. సర్జన్ దాన్ని సరిచేసి, కదలకుండా అదిమిపట్టడానికి కంట్లోకి గ్యాస్ బుడగ ఎక్కించారు. బుడగ పొరకి ఆనుకుని ఉండాలంటే పేషెంటు రోజంతా తల దించుకునే ఉండాలి. ఇది ఫేస్ డౌన్ పొజిషనింగ్. బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. ఎక్కితే గ్యాస్ ఉబ్బి, కంట్లో ఒత్తిడి పెరిగి, చూపే పోవచ్చు.

"పత్రిక పెట్టినవాణ్ణి, నేను తల దించడమా?" అని మొదటిరోజే గొణిగారు.

"ఇక్కడ మంత్రులైనా దించాల్సిందే సర్," అన్నాను. నవ్వారు. అప్పటికి ఆయన నా ముఖం చూడలేదు, నా బూట్లే తెలుసు.

ఒక ఉదయం సరోజ ఆంటీ పరుగున వచ్చింది. వార్డులో భోజనాలు అందించే మనిషి. వాళ్ల తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, ఆమె తెలుగులో తమిళం, మలయ్ మాటలు దొర్లుతుంటాయి.

"అమ్మాయ్, సీక్రం రా! ఆ అంకుల్ పెట్టె సర్దేస్తన్నాడు లా! మకాన్ కూడా ముట్టలేదు, పెట్టిన టిఫిన్ పెట్టినట్టే ఉంది."

వెళ్లేసరికి ఆయన వంగిన తల వంగినట్టే ఉంచి, తడుముకుంటూ చొక్కాలు సూట్‌కేసులో కుక్కుతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏ.ఎం.ఏ. ఫారం తెచ్చివ్వండి సిస్టర్," అన్నారు. డాక్టర్ వద్దన్నా వెళ్లిపోతున్నానని పేషెంటు సంతకం పెట్టే కాగితం అది.

సంగతి అడిగాను. ఓడరేవు పనుల్లో అక్రమాల గురించి రాసిన వాళ్ల రిపోర్టర్‌ని పోలీసులు పట్టుకెళ్లారు. సమాచారం ఎవరిచ్చారో చెప్పమంటున్నారు.

"మా పత్రికకు ఒక ఆనవాయితీ ఉంది. మావాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తే, ఎడిటర్ వెళ్లి బయట బల్ల మీద కూర్చుంటాడు. వదిలేదాకా లేవడు. ఎడిటర్ బయట ఉన్నంతసేపూ లోపల మావాడి మీద చెయ్యి పడదు."

"దారిలో చూపు పోతే?"

"బల్ల మీద కూర్చోవడానికి కళ్లెందుకు?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేనేం తక్కువ తిన్నానా? సూట్‌కేసు మూసి దాని మీదే కూర్చున్నాను.

"సర్, షిఫ్టు అయ్యాక నేను బూన్ లేలో మా ఇంటికి పోతాను. మీ కన్ను గాలికి వదిలేసి పోతున్నానా? మీ మంచం పక్కనే నిలబడి వచ్చే నర్సుకి అన్నీ అప్పగిస్తాను. దాన్ని హ్యాండోవర్ అంటాం. ఆ క్షణం నుంచి నాకున్న అధికారమంతా ఆమెదే. సగం అప్పగింత ఉండదు."

"డిప్యూటీ గ్రేస్ ఉంది. కానీ డిప్యూటీయేగా అని ఆమెను గేటు దగ్గరే ఆపేస్తారు."

"అయితే డిప్యూటీగా పంపకండి."

చేతిలో ఉన్న చొక్కా మంచం మీద పడేశారు. తర్వాత ఫోన్ కలపమన్నారు. నేల మీద మోకాళ్లేసి, ఆయన ముఖం కింద ఫోన్ పట్టుకున్నాను. అవతల న్యూస్‌రూమంతా వింటోంది.

"గ్రేస్, ఈ క్షణం నుంచి ఎడిటర్ నువ్వు. నేను కాదు. వెళ్లి కూర్చో."

ఆయన కన్నీళ్లు ఫోన్ మీద పడ్డాయి. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గ్రేస్ వెళ్లి కూర్చుంది. తెల్లవారినా లేవలేదు. చివరికి రిపోర్టర్ ఎవరి పేరూ చెప్పకుండానే, ఒంటి మీద దెబ్బ లేకుండా బయటికొచ్చాడు. ఆ కబురు వినేదాకా ఎడిటర్ గారు ఒక్కసారీ తల ఎత్తలేదు. విన్నాక ఎత్తబోతే నేనే కసిరాను.

బుడగ కరిగాక, చివరి చెకప్ రోజున నన్ను వెతుక్కుంటూ వార్డుకి వచ్చారు. "గొంతు విని ఆరడుగులుంటారనుకున్నాను, ఇంతేనా!" అని ఆటపట్టించారు. చేతిలో వాళ్ల పేపరుంది, ఎవరో తెలిసినవాళ్లు ఊరి నుంచి తెచ్చారట. చివరి పేజీలో అడుగున, చీమల బారులా ఉన్న వరుసను అద్దాలు పెట్టుకుని తడబడకుండా చదివారు.

"అంత చిన్న అక్షరాలు కూడా చదివేశారే!" అని చప్పట్లు కొట్టాను. ఆయన చదివిందేమిటో ఆ తర్వాత గాని బుర్రకెక్కలేదు. సంపాదకుడి పేరుండే చోట గ్రేస్ పేరుంది.

"కుర్చీ తిరిగి తీసుకోలేదా సర్?"

"పోలీసుల ముందు ఆమే ఎడిటర్ అన్నాం. ఇప్పుడు నేను పోయి లాక్కుంటే, రేపు ఇంకొకణ్ణి పట్టుకెళ్లినప్పుడు ఆమె మాట ఎవరు ఖాతరు చేస్తారు?" అన్నారు నిబ్బరంగా.

వెళ్లిపోతానని సామాను సర్దే పేషెంట్లు మాకు కొత్త కాదు. ఇప్పుడు వాళ్లకి ముందుగా జాగ్రత్తలు చెప్పను, కోప్పడను. పక్కన కుర్చీ లాక్కుని, అక్కడ మీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారని అడుగుతాను.