మూడు చెరువుల ఆల్చిప్ప

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను చిక్కడపల్లిలో ఒక చెరువుల సర్వే ఆఫీసుకు సీనియర్ ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. మన నీళ్లది కాని చిన్న ఆల్చిప్ప ఒకటి ఊరవతలి చెరువులో చేరింది. అది ఇంకెక్కడికి పాకిందో చూడడం పని. ఒకసారి నాటుకుంటే మన నత్తలకు చోటుండదు, తూముల జాలీలు మూసుకుపోతాయి.

దాని దారి కనిపెట్టింది నేనేనని లైబ్రరీ ముందు చాయ్ దగ్గర ఇప్పటికీ చెబుతుంటాను. పడవ మునిగితే ఈదుకుంటూ నమూనా తెచ్చానని కూడా. పడవ మునగలేదు, నాకు ఈత రాదు. నమూనాలు తీసింది యాదయ్య. పాలమూరు నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉండే రోజుకూలీ. నేను గట్టు మీద గొడుగు కింద కూర్చుని రాసుకునేవాణ్ణి.

బురద గీకే వలను ఒక చెరువులోంచి తీశాక పూర్తిగా ఎండబెట్టి కానీ ఇంకో చెరువులో దించకూడదు. నలుసంత ఆల్చిప్ప పిల్లలు దారాలకు పట్టుకుని ఉంటాయి. ఫీల్డ్ షీటులో ‘వల ఆరినది’ అని ఒక గడి కూడా ఉండేది. వానల్లో వల ఎక్కడ ఆరుతుంది? నెలాఖరు టార్గెట్టు ఆగదు. పొద్దున ఆఫీసులోనే టిక్కులన్నీ పెట్టేసి జీపెక్కేవాణ్ణి.

మరుసటి ఏడు మరో మూడు చెరువుల్లో ఆ ఆల్చిప్ప కనిపించింది. డిప్యూటీ డైరెక్టరు కారణం రాయమన్నారు. యాదయ్య సొంతానికి చేపలు పట్టే బుట్టకు అంటుకుని అది వచ్చి ఉండొచ్చని రాశాను. ఆయన వెంటనే యాదయ్యను పనిలోంచి తీసేయమన్నారు. చెప్పే పని నాకే పడింది. నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాడికి చెప్పాను.

“బుట్ట నిరుడే చినిగిపాయె సారూ,” అన్నాడు. “గా మూడు చెర్లకు పోయింది మన జీపొక్కటే. వల పచ్చిగున్నదంటే, ‘కానియ్ యాదయ్యా’ అంటిరి. ఇప్పుడు నన్ను మళ్ల కూలీల అడ్డా మీద నిలబెడ్తరా?”

మర్నాడు జీపు లాగ్‌బుక్ తీశాను. చెరువులు మేము తిరిగిన వరుసలోనే పాడయ్యాయి. నిజం చెప్పాలంటే, అది తీయకముందే నాకు తెలుసు. అయినా రెండు రోజులు అశోక్ నగర్ ఇంట్లో జ్వరమని పడుకున్నాను. జ్వరం లేదు.

మూడోరోజు రెండో రిపోర్టు ఇచ్చాను: కారణం మా తడి వల, టిక్కు అబద్ధం, సంతకం నాది. డిప్యూటీ డైరెక్టరు చదివి, రిటైరయ్యే ముందు ఈ పరేషాన్ మీకెందుకు, వాపస్ తీసుకోండన్నారు. తీసుకోలేదు. నాకు మెమో వచ్చింది, ఫీల్డు పోయింది. చివరిదాకా టపా సెక్షన్‌లో కూర్చున్నాను. యాదయ్య పని నిలబడింది.

ఆ చెరువుల్లోంచి ఆల్చిప్పను ఎవరూ తీయలేకపోయారు. టిక్కు పెట్టేముందు వలను చేత్తో తడిమి చూడాలి. నేను నేర్చుకున్నది ఇంతే, అదీ ఆలస్యంగా.