అమ్మ వదిలేసిన మాట

పెళ్లిలో ఎవరైనా పన్నీరు చల్లితే నాకు ఎనభైల్లో హైదరాబాదులో చూసిన కళా వారోత్సవాలు గుర్తొస్తాయి. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ మిరపకాయల కోతకు వెళ్లేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది. ఆమె గొంతు విన్న ఒక ఆఫీసరు మమ్మల్ని రాజధానికి పిలిపించాడు. అప్పటికి నేను చిన్నపిల్లని. వారం అనగానే అది ఈస్టరుకు ముందొచ్చే శ్రమల వారంలాంటిదే అనుకుని, అందరూ ఉపవాసం ఉంటారని నేను బస్సులో ఏమీ తినలేదు. తీరా చూస్తే గుమ్మంలో పన్నీరు, ముందు వరసలో పకోడీలు నములుతున్న పెద్దమనుషులు. పాడేవాళ్ల వైపు చూసినవాడు లేడు. నన్నూ వాళ్ల మధ్యే కూర్చోబెట్టారు.

తెర వెనక ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది.

"ట్యూన్ అదిరిందమ్మా. ఆ యేసయ్యా అనే మాట ఒక్కటి తీసెయ్" అన్నాడట ఆఫీసరు.

"అట్నేలెండి, ఆ మాట నేననను" అందట అమ్మ.

పాటలో ఆ మాట వచ్చేచోట అమ్మ నోరు మూసుకుంది. చేతిలో తాళాలు మాత్రం మోగాయి. పాపం మరిచిపోయిందనుకుని నేను లేచి "యేసయ్యా!" అని అరిచాను. ప్రతి చరణానికీ అంతే. హాలంతా చప్పట్లు. మాకు ముందే నేర్పించిన తమాషా అనుకున్నారు ఆ కళాభిమానులు! ఆఫీసరు ఆ మెప్పు తనదేనన్నట్టు దండ వేయించుకున్నాడు.

తిరుగు బస్సులో అడిగాను. "అంత తేలిక మాట ఎట్లా మరిచిపోయావమ్మా?"

"మరిచిపోవడమేందే పిచ్చిదానా? ముందు వరసలో నువ్వున్నావనేగా ఊరుకున్నా!"