నా మాట పట్టుకుపోయిన వియ్యంకుడు

మొన్న ఆదివారం పొద్దున్నే బాపట్ల నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యగారూ, నాన్న నిద్దట్లోనే పోయారండి" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు పుట్టింది. పోవడంలో కూడా ఎవరికీ శ్రమ ఇవ్వకుండా మంచి పేరు కొట్టేశాడు మా వియ్యంకుడు. చదివేవాళ్ళు తిట్టుకున్నా సరే, ఉన్నమాట రాస్తున్నాను.

ఆయన లా కాలేజీలో పాఠాలు చెప్పి నిరుడే రిటైరయ్యాడు. నాది తెనాలి పక్కన నందివెలుగు. మూడో తరగతితో ఆగాను, తర్వాత నిమ్మతోటే నా చదువు. ఆయన రోజూ ఎర్ర పెన్సిల్ పట్టుకుని పేపర్ చదివేవాడు. ఏ దేశంలో యుద్ధమైనా, సైన్యం ముట్టుకోకూడని ఆసుపత్రి, బడి, నీళ్ళ ట్యాంకు అన్న మాటలు కనిపిస్తే కింద గీత గీసేవాడు. అది పూర్తయ్యేదాకా ఇడ్లీ ముట్టేవాడు కాదు. లా చదివే మనవరాలు పక్కన కూర్చుని ఆయన చెప్పింది రాసుకునేది. నేను బస్తాడు నిమ్మకాయలు మోసుకెళ్తే, "అక్కడ పెట్టు తాతయ్యా" అని తల కూడా ఎత్తేది కాదు. ఆ పిల్ల పుస్తకంలో నా మాట ఒక్కటైనా ఎక్కాలని నాకు పంతం.

మూడేళ్ళ క్రితం రేపల్లెలో బంధువుల పెళ్ళి. భోజనాలయ్యాక కుర్చీలు లాక్కుని యుద్ధం కబుర్లు పెట్టారు. ఒక సైన్యం పక్క దేశం నేల పట్టుకుని అక్కడి తోటలు నరికేస్తోందట.

"గెలిచినోడిదేగా నేల" అన్నాడు మా బావమరిది.

"కాదండి. పట్టుకున్నంత మాత్రాన సొంతమైపోదు. అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదు" అన్నాడు వియ్యంకుడు.

"బాంబులేసేవాడు మీ పుస్తకం చదివి వేస్తాడా ఏంటి మాష్టారూ?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "చదవడండి. దొంగ కూడా చట్టం చదివి రాడుగా. కానీ వాణ్ణి దొంగ అనాలంటే మనకో చట్టం ఉండాలి."

నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకంత చుట్టు తిప్పడం? తోట కౌలుకిచ్చామనుకో. కౌలుదారు కాయ కోసుకుంటాడు. చెట్టు కొడితే ఊరుకుంటామా?"

"అదీ మాట!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మనవరాలు పెన్ను తీసింది. నా గుండె పొంగింది.

అప్పుడాయన, "భలే చెప్పారు బావగారూ. కాకపోతే మీ కౌలుదారు మీరు రమ్మంటే వచ్చాడు. సైన్యాన్ని ఎవరూ పిలవలేదు. అది ఇంకా ఒదిగి ఉండాలండి" అన్నాడు. పిల్ల ఆ ముక్క రాసుకుంది. నేను తాంబూలం తీసుకోకుండా వచ్చేశాను.

నేను మాట్లాడడం మానేస్తే ఆయనే ఒకరోజు తోటకి వచ్చాడు. "కౌలు ముగిసిననాడు ఏం చేస్తారు బావగారూ?" అని అడిగాడు. చెప్పాను. ఇద్దరం కలిసి తోటంతా తిరుగుతాం. ప్రతి చెట్టు మీదా చెయ్యి వేస్తాం. ఎండిపోయింది కనిపిస్తే తెగులో, నిర్లక్ష్యమో అక్కడే తేల్చుకుంటాం. తప్పు కౌలుదారుదైతే వాడే మొక్క నాటి వెళ్ళాలి. ఆయన నాతో తోటంతా తిరిగాడు. ముళ్ళు గీరుకుని నెత్తురొచ్చినా ఒక్క చెట్టూ వదల్లేదు. "సైన్యం ఖాళీ చేసిననాడు కూడా ఇలాగే తిరగాలండి" అన్నాడు. నా తోటని కూడా పాఠం చేసుకుపోతున్నాడని మండిపోయాను.

బాపట్ల సంతాపసభలో ఆయన శిష్యుడు, ఇప్పుడు వకీలు, "సార్ చెప్పిన నిమ్మతోట పాఠం" అని మైకులో ఎత్తుకున్నాడు. నేను లేచి "అది నాదయ్యా!" అని అరిచాను. మా అమ్మాయి నా పంచె పట్టుకుని లాగింది.

"అదే చెప్పబోతున్నానండి" అన్నాడు వకీలు. "ఇది మా బావగారి మాట అనకుండా సార్ ఏనాడూ ఆ పాఠం మొదలెట్టలేదు. ఆ బావగారెవరో పెద్ద ప్రొఫెసర్ అనుకున్నాం."

కూర్చున్నాను. సిగ్గేసింది, నిజమే. అంతకంటే కోపమొచ్చింది. ఆ ముక్కేదో బతికుండగా నాకే చెప్పొచ్చుగా?

నన్ను దిగబెట్టడానికి మనవరాలు తెనాలి బస్సెక్కింది. పుస్తకం తెరిచి, "చెట్టయితే మళ్ళీ నాటిస్తారు. మనుషులు పోతే? వాళ్ళ సంగతి ఎలా తేలుస్తారు?" అంది. ఇన్నాళ్ళకి నన్నడిగింది. ఆయనైతే ఏదో ఒకటి చెప్పేవాడు, నేను దానికి వంక పెట్టేవాణ్ణి. పొన్నూరులో జనం దిగారు, ఎక్కారు. ఆ పిల్ల నా మొహం చూస్తూనే ఉంది. కాగితానికి ఆనించిన పెన్ను కింద సిరాచుక్క మెల్లగా పెద్దదవుతోంది.