అంతా గులాబ్ పనే

మా గుర్రాల కొట్టంలో ఏది విరిగినా, ఏది చిరిగినా, నారయ్య చెప్పే ముద్దాయి ఒక్కటే: గులాబ్. ఇందులో వింతేమీ లేదు, గులాబ్ చచ్చిపోయి రెండేళ్లయిందన్న ఒక్క సంగతి తప్ప.

ఇబ్రహీంపట్నం చెరువుకి అవతల ఉంటుంది మా కొట్టం. గుర్రాన్ని కొనుక్కుని కట్టేసుకోవడానికి చోటు లేని సిటీవాళ్లు మా దగ్గర ఉంచుతారు. వాటి మేత, నీళ్లు, మాలిష్ నారయ్య చూస్తాడు. నేను మీర్‌పేట నుంచి స్కూటీ మీద వచ్చి ఆఫీసు చూస్తాను. యజమాని పరమేష్ గారు ఆదివారం వచ్చి కోప్పడతారు. ఆయన పెట్టిన షరతు ఒకటుంది: మూడుసార్లు నష్టం చేసిన గుర్రం ఆ రోజే కొట్టం వదిలి పోవాలి.

నేను చేరిన వారంలోనే దాణా గది తలుపు విరిగింది.

"ఏ గుర్రమండీ?" అని నారయ్యని అడిగాను.

"గులాబ్."

"అదెక్కడుంటుంది?"

"ఏడో నంబర్ల."

వెళ్లి చూశాను. ఏడో నంబరులో కొత్త గడ్డి పరిచి ఉంది, బకెట్ నిండా నీళ్లున్నాయి. గుర్రం మాత్రం లేదు.

"షికారుకి తీసుకెళ్లారా?"

"లేదు బిడ్డా. గా యాపచెట్టు కింద పాతిపెట్టినం."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. నారయ్య మాత్రం తాపీగా పక్క గుర్రం తోక దువ్వుకుంటూ నిలబడ్డాడు.

ఉత్త మాటలైతే నవ్వి ఊరుకుందును. ఆధారం ఉందే! గులాబ్ పరమేష్ గారి సొంత గుర్రమట; దాని కుడికాలి నాడా, అదే గిట్టకి కొట్టే ఇనప లాడం, ఒక పక్క విరిగి ఉండేదట. ఎక్కడ ఏ నష్టం జరిగినా, పక్కనే మట్టిలో ఆ విరిగిన నాడా గుర్తు పడేది. ఒక్కటంటే ఒక్కటే గుర్తు. వచ్చిన అడుగులు లేవు, పోయిన అడుగులు లేవు.

"మిగతా మూడు కాళ్లేవండీ?"

"సచ్చినంక నాలుగు కాళ్లతోని ఏం పని బిడ్డా?"

సాయంత్రం నాలుగు గంటలది ఇంకో గోల. ఉన్న పదకొండు గుర్రాలూ ఒక్కసారిగా మేత ఆపేసి, చెవులు నిక్కించి, ఏడో నంబరు వైపు చూసేవి. గాలి కూడా ఆగిపోయేది. కాసేపటికి అన్నీ మళ్లీ మేతలో పడేవి. నేను దేవుళ్లందరినీ తలుచుకుంటూ వెళ్లి చూస్తే, బకెట్‌లో నీళ్లు సగమే ఉండేవి.

అన్నిటికన్నా దారుణం కుళాయి సంగతి. చేరిన నెలకి స్కూటీ వెనక్కి తీస్తూ తొట్టి దగ్గర కుళాయి విరగ్గొట్టాను. సాక్షాత్తూ నేనే. పరమేష్ గారి నోటికి జడిసి, ఎవరికీ చెప్పకుండా ఏడుస్తూ ఇంటికి పోయాను. మర్నాడు ఒప్పేసుకుందామని గుండె రాయి చేసుకుని వస్తే, విరిగిన కుళాయి పక్కన ఆ ఒంటి నాడా గుర్తు!

"గులాబ్ పని," అన్నాడు నారయ్య.

ఆయన అనటం మామూలే. కానీ విరగ్గొట్టింది నేనని నాకు తెలుసు కదా! చచ్చిన గుర్రం నా తప్పు నెత్తిన ఎందుకేసుకుంది? బదులుగా నన్నేం అడుగుతుంది? వారం రోజులు జ్వరం. మా అమ్మ తాయెత్తు కట్టించింది. ఉద్యోగం మానేద్దామంటే, ఎందుకని అడిగితే కుళాయి సంగతి చెప్పాలాయె!

డిసెంబరులో మైనాకి కష్టం వచ్చింది. మైనా అంటే బడంగ్‌పేట నుంచి శివాని అనే ఆవిడ మా దగ్గర ఉంచిన ఆడగుర్రం. నారయ్య చుట్టాల పెళ్లికి పోయిన వారంలోనే దాని పేరున రెండు నష్టాలు పడ్డాయి. ఒక శనివారం సాయంత్రం, పరమేష్ గారు కొట్టంలో పెట్టి వెళ్లిన కొత్త కారు తలుపుని మైనా ఫెడీమని తన్నింది. నారయ్యా నేనూ కళ్లారా చూశాం. మూడోది.

"దానికి ఎడమ కన్ను ఆనుతలేదు బిడ్డా," అన్నాడు నారయ్య మెల్లగా. "అటుపక్క ఏం కదిలినా బెదురుతది. ఈడికెల్లి ఎల్లగొడితె, గుడ్డిదాన్ని ఇంకెవడు ఉంచుకుంటడు?"

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అడిగితే నిజం చెప్పాలి, చెబితే మైనా పోతుంది. తెల్లారగానే కొట్టానికి బయల్దేరాను. చెరువు మీంచి మంచు కమ్మేసి ఉంది, నా స్కూటీ హ్యాండిలే నాకు కనబడటం లేదు. గేటు తీసేసరికి లోపల్నుంచి 'టక్' మని నాడా చప్పుడు. కారు పక్కన తెల్లగా ఏదో వంగి ఉంది. దానికి ఒక్కటే కాలు!

నేను పెట్టిన కేకకి గుర్రాలన్నీ సకిలించాయి.

"అర్వకు బిడ్డా! నేనే!"

నారయ్య! తల మీంచి తెల్ల దుప్పటి, చేతిలో కర్ర, కర్ర కొసకి మేకులు కొట్టి బిగించిన విరిగిన నాడా. నాకు ఒళ్లు మండిపోయింది.

"రెండేళ్లుగా మీరు చేసేది ఇదా? నా జ్వరం! నా తాయెత్తు!"

"మూడు తప్పులైతె గుర్రాన్ని ఎల్లగొడ్తడు సారు. సచ్చినదాన్ని యాడికి ఎల్లగొడ్తడు?"

"మరి కుళాయో? నేను గుర్రాన్ని కాదు కదా!"

నారయ్య నేల చూపులు చూశాడు. "ఏడ్సుకుంట పోతుంటివి గద బిడ్డా. సారు నిన్ను ఒక్క తప్పుకే ఎల్లగొడ్తడేమో అనిపించింది."

అంతసేపూ అరిచినందుకు నాకు సిగ్గేసింది.

తొమ్మిదింటికి పరమేష్ గారొచ్చారు. కారు తలుపు చూశారు, కింద గుర్తు చూశారు.

"ఏంది నారయ్యా, మల్ల గులాబేనా? సచ్చి రెండేండ్లాయె. నాడా జర కూడ అరగలేదా?"

"నడిస్తె గద సారూ అరిగేది."

"నన్ను పిచ్చోన్ని చెయ్యకు! మైనా రెండు తప్పులు చేసింది, ఇది మూడోది." నా వైపు తిరిగారు. "రమణీ, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. ఏ గుర్రం?"

నారయ్య తువ్వాలు నలుపుతున్నాడు. మైనా తనకేం పట్టనట్టు గడ్డి నములుతోంది.

"గులాబేనండీ," అన్నాను. "నా కళ్లతో చూశాను. ఒంటికాలి మీద వచ్చింది."

సరిగ్గా అప్పుడే, నాలుగన్నా కాకుండానే, పదకొండు గుర్రాలూ మేత ఆపి ఏడో నంబరు వైపు తిరిగాయి. పరమేష్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బతికున్నప్పుడు, ముసలిదైందని దాన్ని అమ్ముతనంటిని," అన్నారు గొణుగుతున్నట్టు. "గా కోపం ఇంక పోలేదా దానికి?" తర్వాత ఏడో నంబరుకి చేతులు జోడించి గబగబా చెప్పేశారు. "గా షరతు కొట్టెయ్ రమణీ. ఇగ ఏ గుర్రాన్నీ పంపేది లేదు. ఏం నష్టమైనా గులాబ్ పేరు మీదనే రాయి."

అలాగే రాశాను. కొత్తగా వచ్చే సిటీవాళ్లు మా ఒప్పంద కాగితంలో 'సకల నష్టాలకీ బాధ్యత గులాబ్‌ది' అని చదివి, గులాబ్ ఎవరో పెద్దమనిషి అనుకుని సంతకం పెట్టేస్తున్నారు.

ఆ సాయంత్రం ఏడో నంబరు బకెట్ చూశాను. నీళ్లు సగమే ఉన్నాయి.

"బాపూ, ఇంక దాచకు. ఈ నీళ్లు పారబోసేది కూడా నువ్వే కదూ?"

మైనా ఎడమ కన్ను తుడుస్తున్న నారయ్య చెయ్యి ఆగింది.

"నేనెందుకు పారబోస్త? నువ్వు పారబోస్తున్నవనుకుంటున్న ఇన్నొద్దులు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నేనే వెళ్లి బకెట్ నిండా నీళ్లు పోశాను. మా అందరి తప్పులూ మోస్తోంది పాపం, ఆ మాత్రం నీళ్లు పోయొద్దూ!