చేపల తొట్టెకు తాళం

వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అనేవాళ్ళు. మేడమెట్ల కింద ఇరుకు కొట్టు, తాళంచెవులు కోసే మిషను, గోడ నిండా మేకులకు వేలాడే పళ్ళు కోయని చెవులు. బీరువా తెరుచుకోవడం లేదనీ, తాళంచెవి మాయమైందనీ రోజంతా ఎవరో ఒకరు లబోదిబోమంటూ వచ్చేవాళ్ళు. అలా మాయమైన చెవులు చాలావరకు ఇంట్లోవాళ్ళ జేబుల్లోనే తేలేవి. అది చూసీ చూసీ ఆయనకు మనుషుల మీద నమ్మకం పలచబడిపోయింది. పక్కవాడు రెండుసార్లు దగ్గితే, వీడెందుకు దగ్గాడా అని ఆలోచించే రకంగా తయారయ్యాడు.

ఒకరోజు రంగుచేపల దుకాణం షట్టరు మొరాయిస్తే తెరవడానికి వెళ్ళాడు. లోపల గాజుతొట్టెలో నల్లచారల చేపలు మూడు, ఈయన వేలు ఎటు కదిపితే అటు తల తిప్పాయి.

"సిక్లిడ్ జాతి చేపలండీ. మనిషిని గుర్తుపడతాయి. కాస్త పెంకివి" అన్నాడు దుకాణదారు.

తననే ఎగాదిగా చూసే ప్రాణి ఎదురయ్యేసరికి తాళాలాయనకు ముచ్చటేసింది. మూడింటినీ ఇంటికి తెచ్చుకున్నాడు. ముందుగదిలో బల్ల మీద తొట్టె పెట్టి, అడుగున సన్నటి గులకరాళ్ళు పరిచి, మూలల్లో నీటిమొక్కలు నాటి, ఒక పలకరాయిని గుహలా ఆనించాడు. ఆ సాయంత్రం భార్యా, మామగారూ కూడా కుర్చీలు లాక్కుని చూస్తూ కూర్చున్నారు. అత్తగారు పోయాక మామగారు వీళ్ళ దగ్గరే ఉంటున్నారు. భార్యకు కంటి ఆసుపత్రిలో ఉద్యోగం కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది ఆయనొక్కరే.

వారం తిరక్కుండానే ఒక మొక్క వేళ్ళతో సహా నీళ్ళ మీద తేలింది.

"దీన్ని ఎవరు పీకారు?" అన్నాడు తాళాలాయన.

"మాకేం పని?" అంది భార్య.

"ఇలాగే పాడుచేస్తూ పోతే చేపల్ని తిరిగిచ్చేసి వస్తాను" అన్నాడు కోపంగా. మామగారు తేలుతున్న మొక్క వైపు చూశారు.

తర్వాత మొక్కలు తేలడం ఆగిపోయింది. కానీ ఈ మూల నాటిన మొక్క సాయంత్రానికి కాస్త అటుగా ఉండేది. గులకరాళ్ళు ఒకచోట కుప్పపడి ఉండేవి. మూడో చేప తోక చిరిగి, బిక్కుబిక్కుమంటూ పైమూల నక్కింది. తొట్టెలో ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఎవరు?

ఒక సాయంత్రం మామగారి చొక్కా కుడిచెయ్యి తడిగా కనిపించింది. తాళాలాయన భోజనాల దాకా ఆగాడు.

"మామయ్యా, మధ్యాహ్నాలు ఎలా కాలక్షేపం?"

"ఏముంది అల్లుడుగారూ, కాసేపు పేపరు, కాసేపు కునుకు."

"చొక్కా తడిసినట్టుందే?"

మామగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "మొహం కడుక్కున్నానుగా."

మొహం కడుక్కుంటే ఒక్క కుడిచెయ్యే మోచేతి పైదాకా ఎలా తడుస్తుంది? పళ్ళేలు తీస్తూ భార్య గొంతు తగ్గించి అడిగింది, "మా నాన్న మీకు దొంగలా కనిపిస్తున్నాడా?"

"దొంగ అన్నానా? అడిగానంతే."

మర్నాడు కొట్టుకు వెళ్ళేముందు తలవెంట్రుక ఒకటి తడిపి, తొట్టె మూతకూ అంచుకూ కలిపి అంటించాడు. తిరిగొచ్చేసరికి అది తెగి ఉంది. ఇంకేం కావాలి? మామగారు చూస్తుండగానే మూతకు గొళ్ళెం బిగించి తాళం వేశాడు.

"చేపలకు కూడా తాళమా అల్లుడుగారూ?"

"చేపలకు కాదు మామయ్యా."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పెద్దమ్మాయిని చూసి చాలా రోజులైందంటూ మామగారు సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. భార్య ముక్తసరి మాటల్లోకి దిగింది.

తీరా చూస్తే, తాళం పడ్డాక తొట్టె మరీ అధ్వానమైంది. మొక్కలన్నీ పైకి తేలాయి, అడుగున గుంటలు పడ్డాయి. మామగారు ఊళ్ళో లేరు. మరి మిగిలింది? తాళాలాయన చెవిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. సబ్బుబిళ్ళ మీద అచ్చు తీసి మారుచెవి చేయించడం ఆయన ఎరిగిన విద్యే.

భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఈ చుట్టుపక్కల చెవులు చేసేది మీరొక్కరే. మీ కొట్టుకే వచ్చి చేయించుకున్నానంటారా?"

తాళాలాయన చెవిని జేబులో వేసుకున్నాడు. మర్నాడు కొట్టుకు సెలవు పెట్టి, తొట్టె ముందు కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎంతోసేపు పట్టలేదు. పెద్ద చేప నోటినిండా గులకరాళ్ళు ఎత్తుకుని అవతలకు పోయి ఉమ్మింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఎత్తింది. రెండోది మొక్క మొదలు పట్టి గుంజి గుంజి పీకింది. మూడోది కాస్త దగ్గరికి రాగానే రెండూ కలిసి తోక పట్టుకుని తరిమాయి. పలకరాయి లోపలివైపు ఆవగింజల్లా గుడ్లు. పిల్లల కోసం చోటు చేసుకుంటున్నాయన్నమాట.

తాళాలాయనకు నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆరిపోయింది. మొక్కలు పీకింది చేపలే, సరే. మూత తీసింది మాత్రం మనిషే కదా!

మూడో చేపను వేరే బకెట్లోకి మార్చి, వదినగారింటికి బయలుదేరాడు. మామగారు వసారాలో ఒక్కరే ఉన్నారు.

"మొక్కలు పీకేది చేపలే మామయ్యా."

"తెలుసు."

"మరి మూత తీసింది మీరే కదా?"

"నేనే. అవి పీకినవి మళ్ళీ నాటేవాణ్ణి. మీరొచ్చేలోగా సర్దేద్దామని."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా?"

"తిరిగిచ్చేస్తానన్నారు కదండీ. మధ్యాహ్నం ఆ ఇంట్లో నేను లేచి నిలబడితే తల తిప్పి చూసేవి అవే." మామగారు అల్లుడి వైపు తిరిగారు. "అడిగితే చెప్పేవాణ్ణి అల్లుడుగారూ. మీరు అడగలేదు, ఆరా తీశారు."

"తప్పయిపోయింది, ఇంటికి రండి" అన్నాడు తాళాలాయన.

మామగారు వెంటనే రాలేదు. గుడ్లు పిల్లలై, తల్లీ తండ్రీ వెంట పొగమంచులా తిరగడం మొదలైందని కూతురు ఫోనులో చెప్పాక వచ్చారు. మూతకు గొళ్ళెం ఊడదీసి ఉంది. అయినా ఆయన మూత ముట్టుకోలేదు. కూతురు ఇంటికొచ్చాకే చొక్కా చెయ్యి మడిచి, "అమ్మాయ్, మూత తీస్తున్నాను, నువ్వు చూస్తున్నావుగా" అనేవారు.

"ఎందుకండీ అలా? మీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకోండి" అని తాళాలాయన ఎన్నిసార్లన్నా, సరే సరే అని తలూపి, మళ్ళీ అంతే.

ఒక సాయంత్రం ఆయన కొట్టు నుంచి వచ్చేసరికి రెండు మొక్కలు తేలుతున్నాయి. భార్య ఇంకా రాలేదు. మామగారు పేపరు చదువుకుంటున్నారు. తాళాలాయన చేతులు శుభ్రంగా కడుక్కుని, మొక్క తీసి మూలన గుచ్చబోయాడు.

"అక్కడ నిలవదు, రాయి పక్కన పెట్టండి" అన్నారు మామగారు, పేపరు దించకుండానే.

తాళాలాయన రాయి పక్కన నాటాడు.