ఫిట్సు ఆగిన తరువాత

అక్కకు పదహారో ఏట ఫిట్సు మొదలయ్యాయి. తమిళనాడు ధర్మపురిలో ఒక డాక్టరు రాసిచ్చిన మాత్రలతో రెండేళ్ళలో ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఆ డాక్టరు ముసలివాడై వైద్యం మానేశాడు. ఆయన రాసిన చీటీకి నేను ప్లాస్టిక్ అట్ట వేయించి జేబులో పెట్టుకున్నాను. పాలకోడు మండీలో టమాటాలు దించి వచ్చేటప్పుడు మందుల దుకాణంలో అదే చీటీ చూపించి నెలనెలా మాత్రలు తెచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ఒక్క పూట తప్పించలేదు. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. అక్కను మాత్రం మళ్ళీ ఏ డాక్టరుకూ చూపించలేదు. ఫిట్సే రానప్పుడు చూపించడం దేనికని అనుకున్నాను.

అక్క పెళ్ళి వద్దనుకుంది. నాతో, నా భార్యతో ఉంటూ తోటపనంతా తానే చూసుకునేది. చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరిగాయని నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేది. అలవాటనుకున్నాం. తరువాత నడక మారింది. బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిచేది. కింద కూర్చుంటే రెండు చేతులూ తొడల మీద ఆనించి, తన ఒంటి మీద తానే పాకినట్టు పైకి లేచేది.

“తొడలు లాగతా ఉండాయిరా,” అంది ఒకరోజు.

“నలభై దాటలేదు, అప్పుడే ముసలిదానివైపోయినావా? పని తప్పించుకునేదానికి ఇదొక సాకు,” అన్నాను. కాయలు కోయడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందే అన్నాను. అక్క మళ్ళీ కాయలు కోయడంలో పడింది. ఆ తరువాత నొప్పి మాట ఎత్తనే లేదు.

పోయిన ఏడు ఒక పొద్దున కోసిన కాయలు క్రేట్లలో సర్దుతున్నాం. అక్క లేచి, డ్రిప్పు పైపు దాటడానికి కాలు ఎత్తింది. ఎండుపుల్ల విరిచినట్టు ఏదో చప్పుడైంది. అక్క కూలబడిపోయింది. నేను పరుగెత్తి మోటారు గది తాళాలగుత్తి తీసి ఆమె పిడికిట్లో కుక్కాను. ఫిట్సు వచ్చినవాళ్ళ చేతికి ఇనుము ఇస్తే తగ్గుతుందని మా వైపు నమ్మకం. వేళ్ళు బలంగా మూయిస్తూ ముఖంలోకి చూశాను. అక్క కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తోంది.

“ఫిట్సు కాదురా. కాలు. కాలు పోయింది,” అంది.

ధర్మపురిలో ఎముకల డాక్టరమ్మ చిన్న వయసామె. “పడి విరిగిందా?” అని తమిళంలో అడిగింది.

“లేదమ్మా, విరిగి పడింది,” అన్నాను.

ఆమె ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. రెండో తొడ ఎముకలోనూ సన్నని పగుళ్ళున్నాయి. అక్క నోరు తెరిపించి చిగుళ్ళు చూసింది, కంటి కింది రెప్ప లాగి చూసింది. ఏ మాత్రలు వాడుతోందని అడిగితే జేబులోని చీటీ ఇచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. రక్తపరీక్ష చేయించిన తరువాత నన్ను పిలిచింది.

“ఇన్నేళ్ళలో విటమిన్ డి, కాల్షియం ఎప్పుడైనా ఇచ్చారా?”

“రోజూ రాగిముద్దే తింటుంది మేడం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎండలోనే ఉంటుంది.”

“చాలామందికి అది సరిపోతుంది. ఈ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే చిగుళ్ళు ఉబ్బేలా చేస్తుంది, ఒంట్లో విటమిన్ డిని తొందరగా ఖర్చు చేసేస్తుంది. అది లేకపోతే తిన్న రాగి ఎముకకు పట్టదు. ఫోలిక్ యాసిడ్ కూడా తగ్గిపోయింది, అందుకే రక్తం లేదు. మాత్రను తిట్టి లాభం లేదు, ఫిట్సు ఆపింది అదే. మధ్యలో ఒక్కసారైనా ఎవరికైనా చూపించాల్సింది.”

ఆపరేషను చేసి తొడలో కమ్మీ బిగించారు. వార్డులో అక్క పక్కన కూర్చుని, అంత నొప్పి పెట్టుకుని ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తిని కదరా. నువ్వు సాకు అంటివి. సాకేనేమో అని నేనూ అనుకుంటిని.”

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

నరాల డాక్టరు పాత మాత్రను మెల్లగా తగ్గించి వేరేది మొదలుపెడదామన్నాడు. అక్క వద్దంది.

“ఎముక విరిగితే ఇంట్లో పండుకుంటాను. బస్టాండులో ఫిట్సు వస్తే జనం చుట్టూ నిలబడి చూస్తారు. మెలకువ వచ్చేసరికి చీర తడిసిపోయి ఉంటుంది. నీకేం తెలుసురా అది?”

నేను బతిమాలాను. ఈసారైనా సరిగ్గా చేయాలన్న తొందర నాది. చివరికి ఒప్పుకుంది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుండగా ఫిట్సు వచ్చింది. కింద పడి కొట్టుకున్నప్పుడు తొడలోని కమ్మీ కదిలిపోయింది. మళ్ళీ కోశారు. ఆ తరువాత నెల రోజులు అక్క నాతో మాట్లాడలేదు.

పాత మాత్రే మళ్ళీ మొదలుపెట్టి, దానితో విటమిన్ డి, కాల్షియం, ఫోలిక్ యాసిడ్ ఇస్తున్నారు. కొన్ని నెలలకు నొప్పి తగ్గింది, ముఖంలో కొంచెం రక్తం కనబడింది. కాలు మాత్రం రెండు వేళ్ళ మందం పొట్టి అయింది. వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తుంది. తోటలోకి ఇక రాలేదు.

ఇప్పుడు మాత్రలు చేతిలో పెడితే ఊరికే మింగదు. ఒక్కోటి వేలితో జరిపి, “ఇది ఏంటికి?” అని అడుగుతుంది. తెలిసింది చెప్తాను. తెలియనిది డాక్టరును అడిగి వచ్చి చెప్తాను. అంతదాకా ఆ మాత్ర గిన్నెలోనే ఉంటుంది.